రత్నమాంబ గారు నల్లకోటు విప్పిన రోజు

విశ్వపతి మాస్టారు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. ప్రాక్టీసు మానేశాక ఆయన సాయంత్రంపూట తన ఇంటి వరండాలో కుర్ర వకీళ్లకు పాఠం చెప్పేవారు. సెక్షను అడిగితే పుస్తకం తీసి చూసుకోమనేవారు. పుస్తకంలో దొరకనిది అడిగితే, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. పత్రిక పని మీద కోర్టుల చుట్టూ తిరిగే కాలంలో నేనూ ఆ వరండాలో ఒక పక్కన కూర్చునేవాణ్ణి.

రత్నమాంబ గారు పోయిన రోజు సాయంత్రం ఎలీషా వచ్చాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఆఖరివాడు అతను. కళ్లు ఎర్రబడి ఉన్నా గొంతులో మాత్రం కోపమే వినిపించింది. మర్నాడు కోర్టు విధులు బహిష్కరించాలని న్యాయవాదుల సంఘంలో తీర్మానం పెడుతున్నానన్నాడు. కొందరు పెద్దలు నసుగుతున్నారట. ఎవరెవరు పోయినా మన కోర్టు ఆగిందని, ఊరి మంచినీళ్ల కోసం హైకోర్టు దాకా వెళ్లిన మనిషికి, తుఫాను వచ్చినప్పుడల్లా కొంగు నడుముకు దోపుకొని బడి ఆవరణలో గంజి కాచిన మనిషికి ఆగకూడదా అని వాదించాడు. వాదన అయ్యాక, అడగడానికి వచ్చినది అడిగాడు.

"ఆమెను తలుచుకోవడానికి ఒక్కరోజు కోర్టు ఆపడం తప్పా మాస్టారూ?"

మాస్టారు తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. పురుషోత్తం గారు పోయిన రోజు సంగతి చెప్పారు.

పురుషోత్తం గారు రత్నమాంబ గారికి సీనియరు. ఆడపిల్లకు కోర్టు ఏమిటని ఊరు నవ్వుతున్న రోజుల్లో ఆమెకు తన గదిలో కుర్చీ వేయించి, తన పేరు కింద ఆమె పేరు కూడా బోర్డు మీద రాయించిన మనిషి. ఆమె ఆయన్ని నాన్నగారూ అనే పిలిచేది. ఆయన తెల్లవారుజామున పోయారు. కోర్టు వేళకల్లా సంఘం సమావేశమై, ఆ రోజు ఏ వకీలూ ఏ కేసులోనూ హాజరు కాకూడదని తీర్మానించింది. అప్పుడూ ఇప్పుడూ ఇదే పద్ధతి. పొద్దున అందరి ముఖాల్లోనూ నిజంగానే దుఃఖం ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి అనుకోకుండా దొరికిన సెలవు తాలూకు తేలిక కూడా కొంత వచ్చి చేరుతుంది. ఆ తీర్మానానికి రత్నమాంబ గారు కూడా చెయ్యెత్తింది.

చెయ్యెత్తి కోర్టు వరండాలోకి వచ్చేసరికి ఆమె కక్షిదారులు, చేపలమ్మే ఆడవాళ్లు, కూర్చుని ఉన్నారు. బస్టాండు పక్కన వాళ్లు చేపలు పెట్టుకునే రాతి అరుగులను కూలగొట్టి దుకాణాల సముదాయం కట్టాలని మునిసిపాలిటీ పట్టుదల. కూల్చకుండా కోర్టు ఇచ్చిన స్టే ఆ రోజుతో ముగుస్తుంది. కొత్తగా వచ్చిన జడ్జిగారు నిక్కచ్చి మనిషి, అడిగేవాళ్లు లేకపోతే గడువు పెంచరు. మార్కెట్టు వెనకాల బుల్‌డోజరు తెచ్చి నిలబెట్టారు. ఆడవాళ్లు దాన్ని చూసి, తట్టలు కూడా దించకుండా కోర్టుకు వచ్చేశారు.

ఆమె మళ్లీ లోపలికి వెళ్లి, ఈ ఒక్క కేసుకు వెసులుబాటు ఇవ్వమని అధ్యక్షుణ్ణి అడిగింది. ఇవాళ నీకిస్తే రేపు ఇంకొకరికి ఇవ్వాలి, ఇక సంతాపానికి అర్థమేమిటన్నాడాయన. ఆమె వాదించలేదు. బయటికి వచ్చి నల్లకోటు విప్పింది, మెడ దగ్గర తెల్లపట్టీ విప్పింది, రెండూ మడిచి బల్ల మీద పెట్టి ఆ ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చుంది. కేసు వేసినవాళ్లు తమ మాట తామే చెప్పుకుంటామంటే ఏ జడ్జీ కాదనడు. వాళ్లలో పెద్దదైన పోలమ్మకు ఏం చెప్పాలో నేర్పడం మొదలుపెట్టింది.

పోలమ్మ మొదట ఒప్పుకోలేదు. చేప ధర కాడైతే ఎవుడితోనైనా కొట్లాడతాను గానీ జడ్జీ బాబుతో నానేటి మాటాడతానమ్మా అని వెనక్కి జరిగింది. ఇదీ బేరమే అనుకోమని, కాకపోతే గొంతు కాస్త తగ్గించమని రత్నమాంబ గారు చెప్పింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ గొంతు తగ్గడం మా మొగుళ్లెవరూ చూళ్లేదమ్మా అని ఎవరో అన్నారు.

కేసు పిలిచారు. పోలమ్మ లోపలికి వెళ్లింది. గుమస్తా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. రత్నమాంబ గారు ఆఖరు బెంచీలో, కేసు చూడ్డానికి వచ్చిన మామూలు మనిషిలా కూర్చుంది. మీ వకీలు ఏరని జడ్జిగారు అడిగారు.

"వకీలు బాబులందరూ ఏడుపులో ఉన్నారు బాబూ. మాకు ఇయాల ఏడవడానికి కాళీ నేదు. మీరు కాదంటే రేపు పొద్దున మా అరుగులు ఉండవు, మేం తట్టలు ఎక్కడ దించాల?"

ఇందులో సగం నేర్పిన మాటలు కావట. జడ్జిగారు మునిసిపాలిటీ తరఫు వకీలును పిలిపించారు. ఆయన కూడా నల్లరిబ్బను పెట్టుకొని సంఘం గదిలోనే ఉన్నాడు, రాలేదు. ఎదురు చెప్పేవాళ్లు లేకపోయారు. స్టే కొనసాగింది.

ఆ మధ్యాహ్నం సంతాప సభలో అధ్యక్షుడు అందరి ముందూ ఆమెను నిలదీశాడు. తండ్రిలాంటి మనిషి శవం ఇంకా ఇంట్లో ఉండగా నీకు వాయిదా ముఖ్యమైందా అన్నాడు.

"నేను కోర్టులో నోరు విప్పలేదండీ," అన్నదామె. "విప్పింది పోలమ్మ. ఆవిడ మన సంఘంలో సభ్యురాలు కాదు."

శవం లేచే వేళకు వకీళ్లు చాలామంది భోజనాలకని ఇళ్లకు వెళ్లి, ఎండ మూలంగా తిరిగి రాలేదు. చేపలమ్మే ఆడవాళ్లు మాత్రం సరుకు అమ్ముకొని, బస్టాండు కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చారు. పోయినాయన ఎవరో వాళ్లలో సగం మందికి తెలియదు. తమ వకీలమ్మకు పెద్దదిక్కని మాత్రం తెలుసు. నల్లకోటు లేకుండానే, ఉత్త తెల్లచీరలో, ఆమె వాళ్ల మధ్య నడిచింది. వీధి మలుపు దాకా ఏడుపు ఆపుకుంటూనే వెళ్లి, అక్కడ మొదటిసారి బయటికి ఏడ్చింది. పోలమ్మ భుజం పట్టుకొని నడిపించింది.

ఇంతవరకు చెప్పి మాస్టారు ఆగారు. ఆ తర్వాత రత్నమాంబ గారు ఎన్నో కేసులు వాదించింది, కొన్ని గెలిచింది, ఎక్కువే ఓడింది. వాటి గురించి నేను చాలా రాశాను. ఈ సంగతి మాత్రం నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆమె ఎన్నడూ చెప్పలేదు.



"అయితే తీర్మానం వద్దంటారా?" అన్నాడు ఎలీషా.

రేపు ఆమె కేసులకు ఎవరొస్తున్నారని మాస్టారు అడిగారు. జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లని, సాక్ష్యం చెప్పాల్సి ఉందని, కూలి మానుకొని మొదటి బస్సుకు వస్తారని ఎలీషా చెప్పాడు. వాళ్లకు ఆమె పోయిన కబురు ఇంకా తెలియదన్నాడు.

"తీర్మానం రాసి ఉంచు," అన్నారు మాస్టారు. "వాళ్లు బస్సు దిగాక ముందు కబురు చెప్పు. తర్వాత తీర్మానం చదివి వినిపించు. వాళ్లు సరేనంటే కోర్టు ఆపుదాం."