గిరిజ ఏనుగు నిదానంగా నడిచిన రోజు

పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. అనగనగా ఒక అడవి. ఆ ఏడు అక్కడ వాన మొహం చాటేసింది. ఏనుగుల గుంపు దాహంతో అల్లాడిపోతోంది. గుంపును నడిపించే బాధ్యత గిరిజ అనే ఏనుగు మీద కొత్తగా పడింది.

"తూర్పు చెరువులో నీళ్లున్నాయట!" అంది కోతి. గిరిజ అందరినీ పరుగెత్తించింది. అక్కడ బురద కూడా లేదు.

"కొండ వెనక ఊట ఉంది" అంది చిలుక. మళ్లీ పరుగు. అక్కడ ఒట్టి రాళ్లు.

"వెదురుపొదల్లో మడుగు ఉండాలే!" అంది అడవిపంది. ఈసారి దారిలోనే గిరిజ చెల్లెలి కొడుకు, చిన్న గున్న, కూలబడిపోయాడు.

"వీడిక లేవలేడు. ఏదో ఒకటి చెయ్యక్కా!" అని చెల్లెలు ఏడ్చింది.

గిరిజ గుండె దడదడలాడింది. 'ఎవరేం చెబితే అటు ఉరికాను. నేనేం ఆలోచించాను?' అనుకుంది. తన మీద తనకే కోపం వచ్చింది.

"మీరీ నీడన ఉండండి. నేను కాసేపు ఒంటరిగా నడిచి వస్తాను" అంది.

కోతి కిసుక్కున నవ్వింది. "ఎండ మండిపోతుంటే షికారా తల్లీ! పరుగెత్తితేనే దొరకనిది నడిస్తే దొరుకుతుందా?"

"ఇంతసేపూ నా కాళ్లు ఒకచోట, మనసు ఒకచోట ఉన్నాయి. ముందు రెంటినీ కలుపుకోనీ" అంది గిరిజ.

పక్కనే ఉన్న ఎండిన వాగులోకి దిగింది. ఊపిరి పీలుస్తూ పాదం ఎత్తింది. వదులుతూ ఆనించింది. మొదట బుర్రనిండా భయమే. గున్న చచ్చిపోతే? భయం వచ్చినప్పుడల్లా మనసును మళ్లీ పాదం మీదికి తెచ్చుకుంది. పోనుపోను దడ తగ్గింది. ఒళ్లు తేలికపడింది. ఇసుక కాలుతోంది. ఇంకో అడుగు. అక్కడా కాలుతోంది. వాగు మలుపులో పాదం టక్కున ఆగింది. అక్కడ ఇసుక చల్లగా ఉంది!

పొద్దుటి నుంచి మూడుసార్లూ ఆ మలుపు మీదుగానే పరుగెత్తింది మరి! ఆ పరుగులో పాదాలకేం తెలుస్తుంది?

గిరిజ కాళ్లతో, తొండంతో ఇసుక తోడింది. లోతుకు పోయేకొద్దీ తడి. చివరికి చెలమలో నీళ్లు ఊరాయి. తొండం నిండా పట్టుకుని పరుగున వెళ్లింది. అవును, ఇప్పుడు పరుగే! ఎటు వెళ్లాలో తెలిశాక పరుగెత్తితే తప్పేముంది?

నోట్లో నీళ్లు పడగానే గున్న కళ్లు తెరిచాడు.

"పెద్దమ్మా, ఇంకా!" అన్నాడు.

నీతి: కంగారు పుట్టినప్పుడు కాసేపు అడుగుల మీద మనసు పెట్టి నిదానంగా నడవాలి. దారీ కనబడుతుంది, బలమూ తిరిగొస్తుంది.