తీతువు కేక

జీవధారలై పారే నదులకు నమస్కారం. వాటిని నమ్మి బ్రతికే సమస్త ప్రాణులకూ నమస్కారం. బాలలారా, ఇది మొసలి పొరుగున గూడు పెట్టుకొన్న ఒక తీతువు పిట్ట కథ. చెవి ఒగ్గి వినండి.

అనగనగా ఒక అడవి అంచున, కనుచూపు మేర గడ్డి అలలెత్తే మహా మైదానం. దాని నడుమ మందగమనంతో సాగే పెద్ద యేరు. ఏనుగులు జలకమాడే రేవు అది. సింహాలు సైతం తలవంచి దాహం తీర్చుకొనే రేవు అది. ఆ ఒడ్డున గంభీర అనే మొసలి తన గుడ్లను ఇసుకలో పాతిపెట్టి, మూడు నెలలుగా ఆహారం ముట్టక కాపలా కాస్తోంది. ఆమెకు నాలుగడుగుల దూరంలో చారిక అనే తీతువు మూడు గుడ్లు పెట్టింది. మొసలి ఉన్న చోటికి నక్కలు రావు. అందుకే చారికకు ఆ పొరుగు నచ్చింది.

ఒకనాడు గుడ్ల కోసం ఉడుము పొంచి వచ్చింది. చారిక "తీతూ! తీతూ!" అని కేక వేసింది. గంభీర తల ఎత్తింది. ఉడుము పొదల్లోకి జారుకొంది.

"పొద్దున్నే ఏమిటమ్మా ఈ అపశకునం!" అని నీటిగుర్రం విసుక్కొంది.

మరునాడూ ఉడుము వచ్చింది. చారిక మళ్ళీ అరిచింది. నీళ్ళు తాగుతున్న చారలగుర్రాలు బెదిరి, "నీ నోరు పడిపోను!" అని తిట్టిపోశాయి. చారిక చిన్నబోయింది.

మూడవనాడు మిట్టమధ్యాహ్నం గంభీర ఒళ్ళు చల్లబరచుకోవడానికి నీటిలో మునిగింది. ఉడుము తిన్నగా చారిక ఎదుటికే వచ్చింది.

"చెల్లెమ్మా, నీ గొంతు విని సంతోషించినవారు ఒక్కరైనా ఉన్నారా?"

"లేరు" అంది చారిక.

"మరి ఎవరి కోసం అరుస్తావు? ఈ ఒక్కపూట ఊరకుండు. మొసలి గుడ్లు నాకు చాలు. అరిచావో, ముందు నీ గూడే!"

చారిక గూటిపై మరింత ఒదిగి కూర్చుంది. తన గుడ్లు పొట్టకింద వెచ్చగా తగులుతున్నాయి. అంతలో ఇసుక అడుగున "కిర్, కిర్" అని సన్నని సవ్వడి వినిపించింది. గుడ్లలోని మొసలిపిల్లలు తల్లిని పిలుస్తున్నాయి. ఆ పిలుపు తన పిల్లలదే అన్నట్టు చారిక గుండె కరిగింది.

"తీతూ! తీతూ! తీతూ!"

ఉడుము పంజా విసిరింది. చారిక గుడ్డు ఒకటి పగిలింది. మరుక్షణమే యేరు రెండుగా చీలినట్టు గంభీర పైకి లేచింది. ఉడుము తోక ఈడ్చుకొంటూ పారిపోయింది.

గంభీర ఇసుక తవ్వి, గుడ్లు చీల్చుకొని బయటపడిన పిల్లలను నోట కరచుకొంది. చారిక గగ్గోలు పెట్టింది.

"అయ్యయ్యో అక్కా! కన్నబిడ్డలనే మింగుతున్నావా?"

గంభీర బదులు పలకక నీటిలోకి నడిచి, నోరు తెరిచి, ఒక్కొక్క పిల్లనే వదిలింది. దున్నపోతు ఎముకలు నలిపే ఆ కోరల మధ్య ఏ పసికూనకూ గీతైనా పడలేదు. ఎంతటి బలం! ఎంతటి మార్దవం!

"నోటినిండా పిల్లలుంటే జవాబెలా చెప్పనే, పిచ్చిదానా!" అని గంభీర నవ్వింది. అంతలో పగిలిన గుడ్డు చూసింది. నవ్వు ఆగిపోయింది. మెల్లగా వచ్చి, చారిక గూటి పక్కన తల వాల్చింది.

"నా పిల్లలు ఈ ఒడ్డునే ఈదుతారు. నీ రెండు గుడ్లూ పిల్లలయ్యేదాకా నేను ఈ ఇసుక విడవను, చెల్లీ."

మరునాటి ఉదయం చారిక మళ్ళీ కేక వేసింది. నిన్న జరిగినదంతా చూసిన నీటిగుర్రం ఈసారి విసుక్కోలేదు. తన బిడ్డను దగ్గరకు తీసుకొని, "ఒడ్డుకు పోకు నాయనా, తీతువమ్మ హెచ్చరించింది" అంది.

నీతి: నలుగురికీ నచ్చకపోయినా, ఆపద కనబడగానే నోరు విప్పేవారే నిజమైన పొరుగువారు.

ఈ కథ విన్నవారి గూళ్ళు చల్లగా ఉండుగాక! వారి పొరుగున మేలుకొన్న గొంతు ఒకటి ఎల్లప్పుడూ పలుకుగాక!