ర్యాము తినని కంప్యూటరు

రేపల్లె దగ్గర ఆలోచనవారి ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. అసలు ఇంటిపేరు వేరే ఏదో ఉంది కానీ అది వాళ్ళకే గుర్తులేదు. వాళ్ళ తాతగారు గుమ్మం మీద "ఇచ్చట ఆలోచించబడును" అని బోర్డు రాయించారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆలోచించకుండా మంచినీళ్ళు కూడా తాగరు. ఓసారి ఎండలో వచ్చిన కోటిలింగం, చెంబు చేత్తో పట్టుకుని తాగాలా వద్దా అని ఆలోచిస్తూ కళ్ళు తిరిగి పడిపోయాడు. "చూశారా, తెలివి ఎంత బరువో! మోయలేకపోయాడు" అని వాళ్ళన్న వీరరాఘవులు వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు.

అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు వీరరాఘవులు, నడిపివాడు కోటిలింగం, చిన్నవాడు రామం. రామాన్ని ఇంట్లో రాము అంటారు. ముగ్గురికీ కలిపి ఒక్కతే చెల్లెలు, మంగతాయారు. టైపులో హయ్యరు పాసైంది. ఆ వేళ్ళు మీటల మీద పడితే వాన కురిసినట్టుంటుంది. కానీ ఎనిమిదేళ్ళుగా ఆ వేళ్ళు అప్పడాలే ఒత్తుతున్నాయి.

చివరికి బెజవాడలో పుస్తకాలు వేసే చయనులుగారు కబురు పెట్టారు. ఓ గజదొంగ నవలలో మొదటి పది పేజీలు కంప్యూటరు మీద కొట్టి సోమవారం మధ్యాహ్నంలోగా పంపాలి. నచ్చితే పుస్తకం మొత్తం ఆమెదే, తర్వాత వచ్చేవీ ఆమెవే.

"అన్నయ్యా, ఈ పని పోతే నేను మళ్ళీ అప్పడాల పీట ముందు కూర్చోవాలి. నావల్ల కాదు" అని మంగతాయారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అన్నలకి చెల్లెలంటే ప్రాణం. శనివారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరి తెనాలిలో మస్తాన్ షాపులో దిగారు.

మస్తాన్ రెండు కంప్యూటర్లు బల్లమీద పెట్టాడు. "పెట్టెలు రెండూ ఒకటేనన్నా. లోపలుండి పెట్టెని నడిపించే ఓఎస్సులే వేరు. ఈ కిటికీ బొమ్మది అందరికీ అలవాటే కానీ ర్యాము ఎక్కువ తింటుంది. ఈ పెంగ్విన్ బొమ్మది ర్యాము తక్కువ తింటుంది, పాత పెట్టెమీద కూడా చక్కగా నడుస్తుంది" అన్నాడు.

వీరరాఘవులు తమ్ముడి వంక చూశాడు. "రాముని తింటుందా?"

"అన్నీ తింటాయన్నా. పెద్ద ర్యామైతే ఇబ్బంది ఉండదు."

"మావాడు చిన్నవాడండీ!"

"చిన్నదైతే పక్కన ఇంకోటి వేద్దాం."

"మా ఇంట్లో ఇంకో రాము లేడు!" అని కోటిలింగం ఘొల్లుమన్నాడు. ఇంకేముంది, రాము చెప్పులు వదిలేసి బస్టాండుదాకా ఒకటే పరుగు.

మస్తాన్‌కి ఏమీ అర్థం కాలేదు. కంప్యూటరు వాడేది మంగతాయారని, ఆమె నెమ్మదైన పిల్ల అని అతనికి తెలుసు. అందుకని, "రెండూ ఇంటికి తీసుకెళ్ళి నడిపి చూడండి. ఏది బాగుంటే అది ఉంచుకోండి" అన్నాడు.

అంతే. ఇంటికి రాగానే రెండు పెట్టెలకీ తాళ్ళు కట్టి వీధరుగు మీద నిలబెట్టారు. "ఊఁ, నడవండి" అన్నాడు వీరరాఘవులు. అవి కదల్లేదు. అదిలించినా కదల్లేదు. "కొత్త చోటు కదా, బెరుకు" అని కోటిలింగం వెనకనుంచి చిన్నగా తోశాడు. పెంగ్విన్ పెట్టె మొండికేసింది. కిటికీ పెట్టె అరుగు దిగి, దొర్లుకుంటూ వెళ్ళి ఎదురింటి ఇసక కుప్ప మీద పడింది.

"పరుగే పరుగు! దీన్నే ఉంచుకుందాం" అన్నాడు కోటిలింగం.

"ఆగరా. పరుగెత్తినదానికి ఆకలి ఎక్కువ. ముందు తిండి చూడాలి" అన్నాడు పెద్దవాడు. రాముని అటక ఎక్కించి, రెండింటి ముందూ రెండు విస్తళ్ళేసి పప్పన్నం వడ్డించారు. చూస్తుంటే తినడానికి సిగ్గుపడతాయని తలుపు దగ్గరగా వేసి బయట కూర్చున్నారు. కాసేపయ్యాక తలుపు తీస్తే, పెంగ్విన్ విస్తరిలో మెతుకు కదల్లేదు. కిటికీ విస్తరి మాత్రం ఖాళీ. పక్కన పెరట్లో కోడి ఒకటి ముక్కు తుడుచుకుంటోంది గానీ దాన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

"అమ్మో, నిమిషంలో విస్తరి నాకేసింది! మన రాము ఎంతసేపు?" అని, ఇసక కూడా దులపకుండా ఆ పెట్టెని వెనక్కి పంపేశారు. మస్తాన్ లోపలున్న ఇసక చూసి దణ్ణం పెట్టాడట.

ఆదివారం మంగతాయారు పెంగ్విన్ ముందు కూర్చుంది. మూడు పేజీలు వానలా కురిపించి, టీ తాగి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. వెంటనే మస్తాన్‌కి ఫోను చేసింది.

"పడుకుని ఉంటుందక్కా. ఎంటర్ కొట్టండి, లేస్తుంది."

"ఎంటరంటే లోపలికి రావడం. నేను ఏడో క్లాసు దాకా చదివాను" అన్నాడు కోటిలింగం. వీధిలోకి వెళ్ళాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, గుమ్మం దాటి లోపలికొచ్చి బల్లమీద ఒక్కటిచ్చాడు. మౌసు ఎగిరిపడింది, తెర వెలిగింది. ఇంకేముంది! తెర నల్లబడినప్పుడల్లా కోటిలింగం వీధిలోకి వెళ్ళి వచ్చి కొట్టడమే. ఆ రోజు పని ముగిసేలోగా అరచెయ్యి బూరెలా పొంగింది.

"ఇవాల్టికి చాలక్కా, కట్టెయ్యండి" అని రాత్రి ఫోను చేస్తే మస్తాన్ అన్నాడు. అంతే, వీరరాఘవులు గేదె పలుపు తెచ్చి పెట్టెనీ తెరనీ మీటల పలకనీ కలిపి స్తంభానికి పన్నెండు చుట్లు కట్టాడు. పొద్దున్న చూస్తే ముడి రాలేదు. కత్తిపీటతో కోస్తే తాడుతోపాటు మౌసు తోక కూడా తెగింది. "పోనీలే, తోకతో నాకేం పని? మీటలు చాలు" అంది మంగతాయారు. ముందు, పన్నెండు చుట్ల కింద నలిగిన మీట ఒకటి రాత్రంతా కొట్టిన నూట నలభై పేజీల "కకకక" తుడిచేసింది. పదిన్నరకి పది పేజీలూ పూర్తి చేసింది.

చయనులుగారు ఫోను చేశారు. అయిపోయిందని చెప్పింది. "శభాష్! ఒకసారి చదివి తప్పులన్నీ తీసేసి పంపు తల్లీ. ఒక్క తప్పు కనిపించినా నేనొప్పుకోను."

రాము ఇంకా అటక దిగలేదు. మిగతా ముగ్గురూ తెర ముందు చేరారు.

"గజదొంగ జంబులయ్య పక్కింటి గోడకి కన్నం వేశాడు" అని చదివింది మంగతాయారు.

"తప్పు కదూ?" అన్నాడు వీరరాఘవులు.

"తప్పే. తీసెయ్" అన్నాడు కోటిలింగం.

"పోలీసులకి అబద్ధం చెప్పాడు" అని చదివింది.

"మహా తప్పు! తీసెయ్."

"వాళ్ళ మామగారి కోడిని ఎత్తుకుపోయాడు."

"ఛీ, మామగారిదే!" అన్నాడు అటకమీంచి రాము.

పన్నెండింటికల్లా పంపేసింది. అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"అమ్మాయ్, పది పేజీలు పంపమంటే నాలుగు ముక్కలొచ్చాయి. నా గజదొంగ ఏడి?"

"ఉన్నాడుగా బాబాయిగారూ. లేచాడు, పళ్ళు తోముకున్నాడు, చద్దన్నం తిన్నాడు, పడుకున్నాడు. తప్పులన్నీ తీసేస్తే ఇంతే మిగిలాడండీ."

అవతల పొట్ట పట్టుకుని నవ్వుతున్న చప్పుడు. "టైపు మాత్రం ముత్యాలేనమ్మా! సరే, మీరు తీసేసినవన్నీ ఒక్కటీ వదలకుండా మళ్ళీ చెయ్యండి. సాయంత్రం లోపల అయిపోవాలి. పని నీదే."

మంగతాయారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అన్నలు ముగ్గురూ పంచెలు ఎగ్గట్టారు.

మధ్యాహ్నం రెండింటికి పక్కింటి పేరయ్యగారు కునుకుతీస్తుంటే గోడ అవతల ధబధబమని చప్పుడైంది. గోడకి ఇంత కన్నం పడింది. అందులోంచి ముందు గునపం వచ్చింది, వెనకాలే వీరరాఘవులు తల వచ్చింది.

"ఏం పనయ్యా ఇది?" అని పేరయ్యగారు కేకేశారు.

"ఏమీ అనుకోకండి పేరయ్యగారూ, చెల్లెలి ఉద్యోగం" అన్నాడు వీరరాఘవులు నుదుటి చెమట తుడుచుకుంటూ. "మీ దగ్గర ఇదొక్కటే. కోటిలింగాన్ని కోడి కోసం వాళ్ళ మామగారింటికి పంపించాను. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి, కాస్త పక్కకి జరగండి."