గవ్వలవాగు తరఫున వచ్చిన నూకాలు

అనగనగా ఒక ఊరర్రా, పరిగెలపాలెమని. మీరు ఊ కొడుతూ ఉండాలి, లేకపోతే నేను గోడకి చెప్పుకున్నట్టే. ఆ ఊరి పక్కనే గవ్వలవాగు. ఊళ్ళో వాళ్ళంతా ఆ వాగులో చేపలు పట్టుకుని, ఆ నీళ్ళే తాగి బతికేవాళ్ళు. వాళ్ళలో పైడమ్మ అనే ఒకావిడ, ఆవిడకో కోడలు, పేరు నూకాలు. అప్పటికి నూకాలుకి ఆరో నెల.

ఇలా ఉండగా రాజుగారి బావమరిది వాగు ఎగువన నీలిరంగు అద్దకం పెట్టాడు. ఒకటా రెండా, ముప్ఫై తొట్లు. తొట్లలో మిగిలిన రంగునీళ్ళన్నీ వాగులోకే. వాగు చెడితే నాచు కుళ్ళింది, నాచు కుళ్ళితే చేపలు చచ్చాయి, చేపలు చస్తే కొంగలు లేచిపోయాయి, కొంగలు పోతే చేలో పురుగు పెరిగింది, పురుగు పెరిగితే గింజ దక్కలేదు. ఆ నీళ్ళు తాగిన పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఊరంతా కలిసి కొలువుకి వెళ్ళారు. మంత్రి అంతా విని, వాగు మీలో ఎవరిదని అడిగాడు. ఎవరిదీ కాదన్నారు వీళ్ళు. నష్టపోయినవాళ్ళే ఫిర్యాదు చెయ్యాలి, వాగు మీది కాదు కనక మీకు ఆ హక్కు లేదు, పొమ్మన్నాడు. ఏం చేస్తారు పాపం, తలలు వంచుకుని వచ్చేశారు.

నూకాలు మాత్రం ఊరుకోలేదు, మళ్ళీ వెళ్దామని ఇల్లిల్లూ తిరిగింది. ఆ సంగతి బావమరిది చెవిన పడింది. మీ పెరట్లో రాతికట్టు నుయ్యి తవ్విస్తాను, ఊరుకోమని కబురు పంపాడు. పైడమ్మకి ఆశ పుట్టింది.

"కడుపుతో ఉన్నదానివి. మంచినీళ్ళు ఇంట్లోకొస్తుంటే వద్దంటావేమే?" అంది.

"ఆ నూతిలో ఊరేవి కూడా వాగు నీళ్ళేగా అత్తా" అంది నూకాలు.

 పైడమ్మ లేచి చద్దన్నం మూటకట్టి, నేనూ వస్తాను పద అంది.

అత్తాకోడళ్ళు రెండు రోజులు నడిచి కొలువుకి చేరారు. ఈసారి రాజుగారే కూర్చున్నారు. నూకాలు అరవలేదు, ఏడవలేదు. గుళ్ళో దేవుడి మాన్యం ఎవరైనా ఆక్రమిస్తే ఆ ఫిర్యాదు ఎవరిది దొరా అని అడిగింది. దేవుడిదే, ధర్మకర్త ఆయన తరఫున చెబుతాడన్నారు రాజుగారు. మరి ఉయ్యాల్లో పసిబిడ్డ పొలం కాజేస్తేనో అంది. ఫిర్యాదు బిడ్డదే, పెద్దవాళ్ళు చెబుతారన్నారు.

"అయితే ఇవాళ ఫిర్యాదు గవ్వలవాగుది దొరా. తనకి నోరు లేదు, తన తరఫున నేనొచ్చాను."

కొలువంతా నవ్వారు. బావమరిది అందరికన్నా గట్టిగా నవ్వి, నీ పొట్టకోసం వచ్చి వాగు పేరు చెబుతావా అన్నాడు.

నూకాలు కడుపు మీద చెయ్యి వేసుకుంది. "నా పొట్టకోసమే బాబూ. ఇందులో ఉన్న బిడ్డకి చేరేవి ఆ నీళ్ళే. వాగుకి బతికే హక్కు లేకపోతే నా బిడ్డకి ఎక్కణ్ణించి వస్తుంది? ఇవి రెండు ఫిర్యాదులు కావు, ఒక్కటే."

నవ్వులు ఆగిపోయాయి. రాజుగారు అప్పటికప్పుడు తీర్పు చెప్పలేదు. అవతల ఉన్నది సొంత బావమరిదాయె. మర్నాడు తనే బయల్దేరి వాగు దగ్గరికి వచ్చారు. చచ్చి తేలిన చేపల్ని చూశారు. దద్దుర్ల పిల్లనొకదాన్ని ఎత్తుకున్నారు, అది గోక్కుంటూనే ఉంది. అక్కడే, ఆ గట్టు మీదే తీర్పు చెప్పారు. గవ్వలవాగు ఎవరి సొత్తూ కాదు, నాది కూడా కాదు. తన దారిన పారే హక్కు, శుభ్రంగా ఉండే హక్కు తనవే. తన తరఫున మాట్లాడేందుకు ఊరు ఒక మనిషిని ఎన్నుకోవాలి, ఆ మనిషి పిలిస్తే రాజైనా సరే వచ్చి జవాబు చెప్పాలి అన్నారు. తొట్లు దూరంగా బీడులోకి మార్పించారు. అక్కడి కూలీలకి పనీ పోలేదు.

రెండు వానాకాలాలు గడిచేసరికి నీళ్ళు తేటపడ్డాయి. చేపలొచ్చాయి, వాటి వెనకాలే కొంగలొచ్చాయి. నూకాలు కూతురు గట్టు మీద తప్పటడుగులు వేస్తోంది.

వాగు తరఫు మనిషిగా నూకాలునే ఉండమన్నారు అందరూ. మా అత్తని పెట్టండి, నాకన్నా నోరున్న మనిషి అంది. అలా పైడమ్మ అయింది. ఆవిడ మొట్టమొదటి ఫిర్యాదు ఎవరి మీదనుకున్నారు? రాజుగారి మీదే. ఏనుగుల్ని దింపి గట్టంతా తొక్కించారని. రాజుగారు వచ్చారు, తప్పే అమ్మా అని ఒప్పుకున్నారు, గట్టు వేయించారు. పైడమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చేపల పులుసుతో కడుపునిండా అన్నం పెట్టి పంపింది.

అందుకేనర్రా, నోరులేనిదాని తరఫున మాట్లాడితే మన బతుకు కోసం మాట్లాడుకున్నట్టే. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లో దూరండి.