పుట్టగొడుగుల గదిలో తడిగుడ్డ

పీరాకు ఆ ఏడు అన్నం సహించని కష్టం వచ్చింది. గవ్వలకొండ దర్గాలో మౌలాషా తాత దగ్గర శిష్యుడతను. ఉరుసు పండగ దగ్గరపడుతోంది. పుట్టగొడుగుల గదికేమో బూజు పట్టింది.

ఆ కొండమీద ఉరుసుకు మాంసం వండరు. అక్కడ సమాధిలో ఉన్న వలీ, ఆ మహాత్ముడు, ఒక వానాకాలమంతా అడవి పుట్టగొడుగులు తినే బతికాడట. అందుకని వచ్చినవాళ్లందరికీ జొన్నరొట్టె, పుట్టగొడుగుల కూర పెడతారు. ఆ కూర తినకుండా కొండ దిగితే ఉరుసుకు పోయినట్టే కాదు. అడవిలో దొరికేవి అంతమందికి ఏం చాలుతాయి? అందుకే చీకటి మట్టిగదిలో ఉడకబెట్టిన వరిగడ్డి పరిచి, వాటిని పెంచుతారు. ఈసారి ఆ గది పీరా చేతికి ఇచ్చారు. "చూస్తూ ఉండండి, గంపలు చాలవు" అని పీరా అందరితో చెప్పుకున్నాడు కూడా.

ఒక పొద్దున తలుపు తీస్తే, ఓ మూల మొగ్గలమీద సాలెగూడు కప్పినట్టు తెల్లగా ఉంది. దాని కింద మొగ్గలు మెత్తబడి, రంగు మారి, కుళ్లుతున్నాయి. ఎంత వింతో చూడండి. పుట్టగొడుగు తానే బూజుకు చుట్టం. దాన్ని తినడానికి మళ్లీ ఇంకో బూజు!

పీరా ఊరుకుంటాడా? చీపురు తెచ్చి బరబరా దులిపాడు. బిందెతో నీళ్లు కుమ్మరించాడు. మర్నాటికి ఇంకో మూల లేచింది. ఇంకా గట్టిగా దులిపాడు. గోడ పక్కన లేచింది, గుమ్మం దగ్గర లేచింది.

వంటలు చూసే చెన్నక్క గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఏం పీరా, ఉరుసుకు గడ్డికూర వండమంటావా?"

"పో అక్కా, నా మంట నాకుంది."

"చీపురేమో అరిగిపాయ, బూజేమో బలిసిపాయ" అని నవ్వుకుంటూ పోయింది.

పీరా వెళ్లి తాత ముందు కూలబడ్డాడు. తాత ఎండలో కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు.

"తాతా, ఈసారి వలీ కూర లేదు. ఆ గడ్డినంతా కాల్చేద్దాం. వచ్చేటోళ్లకు ఏం మొగం చూపించాలో నువ్వే చెప్పు."

"ఏమైందబ్బీ?"

"పొద్దున లేచింది మొదలు ఆ బూజుతోనే కొట్లాడతాండా. నేను కొట్టేకొద్దీ పెరుగుతాంది. ఇదేం శత్రువు తాతా?"

తాత దారం కొరికి, సూది చొక్కాకే గుచ్చి లేచాడు. "చీపురు పట్టుకుని రా" అన్నాడు.

గదిలోకి పోయి కిటికీ రెక్క వేలెడంత తెరిచాడు. చీకట్లోకి ఎండ ఒక్క చారగా పడింది.

"ఊ, దులుపు. ఒక్కసారే."

పీరా దులిపాడు. ఎండచారలో తెల్లటి పొడి పొగలా లేచింది. ఇన్నాళ్లూ చీకట్లో అతని కంటికి ఆనలేదది. గాల్లో మెల్లగా తిరిగి తిరిగి, పక్కన నిగనిగలాడుతున్న మంచి మొగ్గలమీద వాలింది.

పీరా చీపురు మెల్లగా కింద పెట్టేశాడు.

తాత భుజంమీది తువ్వాలు తీసి, నీళ్లలో ముంచి పిండి, ముక్కలుగా చించాడు. నిద్రపోయే పసిబిడ్డకు కప్పినట్టు ఒక ముక్క బూజుమీద పరిచాడు. పొడి పడ్డ ఆ మంచి మొగ్గల్ని కూడా కలిపే కప్పాడు. చెన్నక్క దగ్గర్నించి ఉప్పు తెప్పించి, గుడ్డమీద గుప్పెడు చల్లాడు. ఎక్కడా గాలన్నదే కదల్లేదు.

"కొట్టవా తాతా?" అన్నాడు పీరా గుసగుసగా.

తాత పెదవులమీద వేలు పెట్టుకుని, రెండో ముక్క అతని చేతికిచ్చాడు.

తువ్వాలు చాలలేదు. చెన్నక్క పాతచీర ఒకటి తెచ్చి ఇచ్చింది. "మెల్లగా చించబ్బీ, నా పెండ్లినాటి చీర" అంది. ఆ తర్వాత పీరా గదిలో పిల్లిలా నడిచాడు. తలుపు చప్పుడు కానివ్వలేదు. నీళ్లు నేలమీద తప్ప గడ్డిమీద పోయలేదు. గుడ్డల కింది బూజు గుడ్డల కిందే ఉండిపోయింది. కప్పిన మొగ్గలు పోతే పోయాయి.

మిగిలిన గడ్డి అంతా మొగ్గలతో పొంగింది! ఉరుసునాటి పొద్దున తలుపు తీస్తే కాలు పెట్టే చోటు లేదు. గుత్తులు గుత్తులుగా, గొడుగుమీద గొడుగు. పీరా నోట ముందు ఒక కేక వచ్చింది. ఆ కేకకు కొండ కొండంతా పరుగెత్తుకొచ్చింది. గంపలు తలకెత్తుకుని వస్తుంటే డప్పులు మోగాయి, పిల్లలు ఎగిరారు, ముసలివాళ్లు చేతులెత్తి దువా చేశారు. చెన్నక్క ఒక గుండిగ దించి ఇంకోటి ఎక్కిస్తూనే ఉంది.

పీరా వడ్డిస్తూ వడ్డిస్తూ తాత విస్తరి దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"చంపినాం తాతా దాన్ని!"

తాత రొట్టె తుంచి కూరలో అద్దుకున్నాడు. "మనం దానికి రెక్కలియ్యలేదబ్బీ, అంతే."

పీరా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఓ మొనగాడా, కూర చల్లారిపోతాంది!" అని చెన్నక్క పొయ్యి దగ్గర్నించి అరిచింది. బంతిలో కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

పీరా కూడా నవ్వేసి, పక్క విస్తరికి వంగాడు.