పొద్దుండగానే ఆకలేసిన దోమలు

రాళ్లగుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి. ఆ మందకు పెద్ద ఓబన్న అనే పొట్టేలు. వానలు పడ్డాయంటే నూకంత దోమలు చీకట్లో మంద మీద పడేవి. అవి కుట్టిన గొర్రెకు మూతి వాచి, నాలుక నీలమై, మేత మానేసి చచ్చేది. ఆ ఏడు కాపరి దొడ్డి చుట్టూ మందు పూసిన తెర కట్టాడు. రాత్రి వచ్చిన దోమ వచ్చినట్టే తెరకు తగిలి రాలిపోయింది. ఇక ఓబన్నకు పట్టపగ్గాల్లేవు. ఆ తెర తానే నేసినట్టు తిరిగాడు.

అయితే పొద్దువాలి మంద తిరిగొచ్చాక, పగలంతా గంపల కింద మూసిపెట్టిన గొర్రెపిల్లల్ని కాపరి దొడ్డి బయటే వదిలేవాడు. అవి తల్లుల దగ్గర పాలు తాగాకే అందరూ తెర లోపలికి. అలా పాలు తాగే వేళ ఒకనాడు బొల్లి గొర్రె పొదుగు మీద నాలుగు దోమలు వాలాయి.

నీళ్లతొట్టి పక్కనుండే బోదురుకప్ప చూసింది. "ఓబన్నా, వీటిని తినేయమంటావా?"

దోమల్లో ఒకటి బతిమాలుకుంది. "మేం పనికిమాలినోళ్లం సామీ. మావాళ్లకు రాత్రి ఆకలైతే మాకు పొద్దుండగానే అవుతాది. పుట్టుకే అట్లాంటిది. చుక్క రక్తం తాగి పోతాం."

ఓబన్న పగలబడి నవ్వాడు. "ఆకలేసే యాళ కూడా తెలీదంట! వదిలేయ్ కప్పా. నువ్వు ఎగిరితే పిల్లలు బెదిరి పాలు మానేస్తాయి. ఈ బక్కప్రాణులతో మనకేం?"

"బక్కవైనా గుడ్లు పెడతాయి కదన్నా."

"నాకే చెప్తావా?" అని ఓబన్న కొమ్ములు వంచాడు. కప్ప గెంతి తొట్టి పక్కకు పోయింది.

మరుసటి వానలకు రాత్రిళ్లు తెర దగ్గర ఒక్క దోమ చప్పుడు లేదు. సందెవేళ మాత్రం మబ్బు దిగినట్టు దిగాయి. కప్ప ఒక్కతే ఎన్నని తింటుంది? బొల్లి పిల్లకు మూతి వాచింది. అది ఓబన్న బిడ్డే. చన్ను నోట పట్టలేక తల్లి కాళ్ల మధ్య వణుకుతూ నిలబడింది. తల్లికి పాలు చేపుకొచ్చి నేల మీద కారిపోతున్నాయి.

ఓబన్న పిల్ల దగ్గరికి పరుగెత్తాడు. కొమ్ము మీద వాలిన దోమను అడిగాడు. గొంతులో మునుపటి జోరు లేదు.

"ఎవరు నేర్పినారే మీకు ఈ ఎత్తు?"

"ఎవరూ నేర్పలేదు సామీ. రాత్రి ఆకలేసినోళ్లు మీ తెరకు తగిలి చచ్చిరి. గుడ్లు పెట్టేదానికి మిగిలింది నువ్వు వదిలినోళ్లే. మా అవ్వ ఆకలి మా అమ్మకొచ్చింది, అమ్మది నాకొచ్చింది. నీ నల్లమచ్చ నీ బిడ్డకు రాలేదా, అట్లనే."

చీకటి పడకముందే పిల్ల కూలబడింది. బొల్లి మూతితో పొడిచి పొడిచి లేపింది. అది లేవలేదు.

"ఆ పొద్దు కప్పను తిననిచ్చింటే నా బిడ్డ దక్కేది గదా, పెద్దాయనా," అంది బొల్లి.

ఓబన్న చచ్చిన పిల్లను మూతితో తడిమాడు. కాపరి వచ్చి మందను లోపలికి తోలి తెర దించాడు. ఆ రాత్రి లోపలికి ఒక్క దోమా రాలేదు.

నీతి: శత్రువుల్లో చచ్చినవాళ్లను చూసి మురిసిపోయే ముందు, మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారో చూసుకోవాలి.