కోడి కావాలన్న ల్యాబు

"మాట్లాడుతోందర్రోయ్! బిల్డింగు మళ్ళీ మాట్లాడుతోంది!"

కూలీల వీధి ఆ చివర్నుంచి గాడిద అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. గాడిద గొంతు సంగతి మీకు చెప్పక్కర్లేదు, చెవుడున్నవాళ్ళు కూడా బయటికొచ్చేశారు. గోనెసంచి మీద గుడ్లు పొదుగుతున్న చుక్కమ్మ కోడికి మాత్రం ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

ఆ అడవిలో జంతువులకో యూనివర్సిటీ ఉంది. నవ్వకండి, మనకుంటే వాటికుండకూడదా? ఏ వాగు నీళ్ళతో జ్వరమొస్తోందో, ఏ ఆకు మందో, ఏది విషమో తేల్చుకోవడానికి కొత్తగా ప్రయోగశాలలు కడుతున్నారు. వైస్ ఛాన్సలరు తాబేలు గారు. మంచాయనే, కానీ చిటుక్కుమంటే తల లోపలికి లాగేసుకుంటాడు. మేస్త్రి మైలయ్య అనే ఎద్దు. కాంట్రాక్టు ఎవరిదంటారా? ఇంకెవరిది, నక్కది! చుక్కమ్మ పని ఇసుక కెలికి రాళ్ళేరడం.

పునాదులు తీసిన నాడు ఓ పావురం కనపడకుండా పోయింది. గోడలు లేచిన నాడు పూరేడు పిట్ట పోయింది. "కొత్త కట్టడం కదా, అదే మింగేసుంటుంది" అని నక్క చెవులు కొరికాడు. అందరూ తలూపారు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా! స్లాబు పడ్డాక ఇదిగో, ఏకంగా గొంతే లేచింది. ఆ భయానికి స్లాబు వేసిన కూలీలకి పెట్టాల్సిన భోజనాలు కూడా ఆపేశారు.

గాడిద వెనకాల చుక్కమ్మతో సహా అందరూ మేడెక్కారు. పొద్దు గుంకుతోంది. కింద స్లాబుని మోస్తున్న సెంట్రింగు కర్రలు ఆకుల్లేని అడవిలా నిలబడ్డాయి. తలుపుల్లేని కిటికీలు నల్లగా నోళ్ళు తెరుచుకున్నాయి. పైన, కొత్త స్లాబు తడి ఆరకుండా మట్టి గట్లేసి మడులు కట్టి నీళ్ళు నిలిపారు. ఒక్క అల కూడా లేదు ఆ నీళ్ళలో. మధ్యలో ఓ లావుపాటి గొట్టం అంచు స్లాబుకి సమంగా ఉంది, అందులోకి నీళ్ళు పోకుండా చుట్టూ మట్టి గట్టేశారు. కింద గదిలో ప్రయోగాల పొగ పైకి పోవడానికి పెట్టిన గొట్టం అది.

అందులోంచి వచ్చింది గొంతు.

"ఆ...కలీ..."

తాబేలు గారి తల మాయమైంది.

"కోడి... చుక్కల కోడి... ఈ గొట్టంలో వెయ్యండి... లేకపోతే కర్రలు తీసిన నాడే కూలతా... అందరి మీదా కూలతా..."

ఆకలి రుచెరగదంటారు గానీ, ఈ ఆకలికి రుచే కాదు, ఈకల రంగు కూడా తెలుసు!

ఒక్కొక్క తలా చుక్కమ్మ వైపు తిరిగింది. పొద్దున్న తనతో కలిసి నూకలు తిన్నవాళ్ళ కళ్ళే అవి. ఇప్పుడు వాటిలో తను లేదు, ఓ కోడి ఉంది. గొట్టంలో గొంతుకన్నా ఆ కళ్ళకే చుక్కమ్మ ఎక్కువ వణికింది.

మైలయ్య గిట్టలు ఈడ్చుకుంటూ వచ్చాడు. "చుక్కమ్మా, నాకు మాత్రం ఇష్టమా తల్లీ? రేపు దీని కింద ఎంతమంది చదువుకోవాలి!"

"నా గుడ్లేం కావాలి మామా? నేడో రేపో పగిలేటట్టున్నాయి."

"నే చూసుకుంటాలే."

"ఎద్దు పొదుగుతుందా మామా?"

గాడిద కిసుక్కుమంది. మైలయ్య తల దించుకుని, కొమ్ములతో మెల్లగా చుక్కమ్మని గొట్టం అంచుమీదికి నెట్టాడు. లోపల కటిక చీకటి. ఆ చీకట్లోంచి వెచ్చగా ఊపిరి తగిలింది. చుక్కమ్మకి సిమెంటు వాసన తెలుసు, తడి ఇసుక వాసన తెలుసు. ఇది ఆ రెండూ కాదు. మాంసం తిని కడుక్కోని నోటి వాసన!

"కాంట్రాక్టరు గారేరీ?" అంది వెనక్కి తిరిగి.

"జ్వరమట. దుప్పటి కప్పుకుని పడుకున్నారట" అంది గాడిద.

చుక్కమ్మకి సంగతి తెలిసిపోయింది. కానీ ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? చావుకి భయపడి చాడీలు చెబుతోందంటారు. దెయ్యమైతే దణ్ణం పెట్టాలి గానీ నక్కయితే బుర్ర పెట్టాలి.

"సరే, దూకుతా" అంది గట్టిగా. "కానీ ఆకలన్నవాళ్ళకి ముందు మంచినీళ్ళివ్వకుండా మనం ఆకేస్తామా? ఏమమ్మా బిల్డింగూ, దాహమేస్తోందా?"

"ముందు... కోడి..." అంది గొట్టం.

"అదేంటి మామా? పచ్చి స్లాబుకి దాహం లేకపోవడమేంటి! మనం పొద్దున్నా సాయంత్రం తడుపుతున్నది దేనికి?"

మైలయ్య చెవులు నిక్కించాడు. "నిజమే. ఎంత పోసినా తాగుతుంది. దాహం లేదంటే అది స్లాబే కాదు."

లోపలున్నవాడు గతుక్కుమన్నట్టున్నాడు. "ఉంది... దాహం... చాలా ఉంది..."

"విన్నావుగా మామా. గొట్టం చుట్టూ ఉన్న గట్టు తెంపు!"

మైలయ్య చెప్పింది చేసే రకం. ఒక్క కొమ్ము విసురుతో గట్టు తెంపాడు. మడులన్నీ ఏకమై, గొట్టం అంచు దాటి భళ్ళున లోపలికి దూకాయి. గడగడ, గుడగుడ, ఆ పైన "చచ్చాన్రోయ్!" అనే కేక. కింద గదిలో సిమెంటు కలిపే తొట్టిలో ఏదో దభీమని పడింది.

అందరూ అంచునుంచి తొంగి చూశారు. కర్రల మధ్యనుంచి బూడిదరంగు ఆకారం ఒకటి తూలుకుంటూ బయటికొచ్చింది. ముఖం లేదు, కళ్ళు లేవు. గాడిద కెవ్వుమంది. అంతలో ఆ ఆకారం తుమ్మింది. సిమెంటు రాలి నక్క మూతి బయటపడింది. పళ్ళ సందున పావురం ఈక ఒకటి ఇరుక్కుని ఉంది.

"జ్వరం తగ్గిందా కాంట్రాక్టరు గారూ?" అంది చుక్కమ్మ పైనుంచి.

మైలయ్య మెట్లు దిగే లోపే నక్క కాలికి బుద్ధి చెప్పాడు. పరుగులోనే సిమెంటు బిగిసింది. కాళ్ళు వంగక, తోక ఇనుప చువ్వలా నిలబడి, టకటకమంటూ అడవి లోపలికి పారిపోయాడు. ఆ తోక మళ్ళీ వంగలేదంటారు.

ఆపేసిన స్లాబు భోజనాలు ఆ రాత్రే పెట్టారు. ఆకులేశారు, అన్నం, పప్పు వడ్డించారు. ఎవరూ కూర్చోలేదు. చుక్కమ్మ గుడ్ల మీద కూర్చుని అటు తిరిగి ఉంది. మైలయ్య వెళ్ళి గోనెసంచితో సహా ఆమెని మెల్లగా లాక్కొచ్చి పంక్తి మధ్యలో పెట్టాడు. "తిట్టు తల్లీ. తిట్టి తిను. నువ్వు తినకపోతే మాకెవరికీ ముద్ద దిగదు."

తాబేలు గారు తల బయటపెట్టారు. "చుక్కమ్మా, కొత్త ల్యాబులో మొదటి ప్రయోగం ఏం చేద్దామంటావ్?"

"ఈసారి గొంతు వినబడితే నన్ను చూడకండి అయ్యగారూ, గొట్టంలోకి చూడండి. అదే ప్రయోగం."

ఒక్కొక్కరే వచ్చి ఆమెకి అటూ ఇటూ కూర్చున్నారు. చుక్కమ్మ మొదటి మెతుకు పొడిచాక, అందరూ తిన్నారు.

గోడకి ఆకలేస్తోందని ఎవరైనా అంటే, ముందు గోడ వెనక పొట్ట ఎవరిదో చూడాలి.